దొరగారి నీళ్ళు

ఫిబ్రవరి 2

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తితే నువ్వు ఏడుస్తావు. నాకు ఏడుపు రావడం లేదు. అవతల ఒక మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఇవతల నేను స్తంభంలా నిలబడి ఊఁ కొట్టడం బాగుండదు. ఉత్తరాలైతే ఇద్దరికీ సుఖం. నువ్వు ఎంత ఏడ్చావో నాకు వినపడదు, నేను ఏడవలేదని నీకు కనపడదు.

మీ అన్నయ్య పోయి నెల దాటింది. నేను మళ్ళీ కర్టెన్ల షాపుకి వెళ్తున్నాను. ఒక హోటలు వాళ్ళ ఆర్డరు ఉంది, అన్నీ ఒకే కొలత, ఒకే బూడిదరంగు గుడ్డ. అంచు మడవడం, కుట్టడం, పక్కన పడేయడం. ఆలోచించక్కర్లేని పని. షాపులో వాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నాకేమో ఏమీ అనిపించడం లేదు, బాధ కూడా. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, మనిషి మొత్తం అలా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ అన్నయ్య నా నెత్తిన పెట్టి వెళ్ళిన సవతి సంగతి. హాల్లో సగం గోడ ఆక్రమించిన ఆ చేపల తొట్టి. ఆయన బతికున్నంత కాలం నేను దాని జోలికి పోలేదని నీకు తెలుసు. ఆయన లిఫ్టులు రిపేరు చేసి ఒళ్ళంతా గ్రీజుతో వచ్చి, నన్ను పలకరించక ముందే దాన్ని పలకరించేవారు. ఆదివారం వస్తే నీళ్ళు మార్చే సంబరం, హాల్లోంచి నాకు కేకలు. ఇప్పుడు ఆ గోల లేదు.

తొట్టిలో ఆ పళ్ళెం లాంటి పెద్ద చేప ఉంది చూడు, నీలి గీతలది, ఆయన దొర అని పిలిచేవారు. బొటనవేలి గోరంత ఉన్నప్పుడు తెచ్చి అరచేతంత చేశారు. దాంతోపాటు ఎర్రతోక చిన్న చేపలు ఓ గుప్పెడు. దొరకి కుళాయి నీళ్ళు పడవట, ఉప్పులు తీసేసిన మెత్తటి నీళ్ళే కావాలట. అందుకని ఆయన బాల్కనీలో ఆర్వో ఫిల్టరు బిగించుకున్నారు. అది ఇప్పుడు కారుతోంది. బకెట్టు నిండడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతోంది. నీళ్ళలో ఉప్పులెన్నో చూపే ఆయన మీటరు పెట్టి చూస్తే కుళాయి నీళ్ళకీ దానికీ పెద్ద తేడా లేదు.

నీళ్ళు శుభ్రం చేయడమే నీ ఉద్యోగం కదా. ఏం కొనాలో చెప్పు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, మిగతా సగం ఎలాగూ లేడు, నిన్ను కాక ఎవర్ని అడగను?

వదిన


ఫిబ్రవరి 9

వదినా,

నీ జోకులు ఒక్కోసారి చదివి నవ్వాలో ఏడవాలో తెలియదు. ఏడిచాను. నీకు వినపడలేదులే.

దొరని వదిలేయకుండా నాకు రాసినందుకు సంతోషం. అన్నయ్య చేతుల్లో పెరిగినది ఈ లోకంలో అదొక్కటే ఉంది. మీకు పిల్లలు లేరు, నాకు వాడు తప్ప తోడబుట్టినవాళ్ళు లేరు. దొర బతికి ఉంటే వాడు పూర్తిగా వెళ్ళిపోలేదని నాకనిపిస్తుంది. ఇది చాదస్తమే, తెలుసు.

ఇక ఫిల్టరు. జాగ్రత్తగా చదువు. పాత దాన్ని బాగుచేయించకు, లోపలి పొర అయిపోయింది. నువ్వు కొట్టుకి వెళ్ళగానే వాళ్ళు వంటింటి గోడకి తగిలించే డబ్బా చూపిస్తారు. లైట్లు వెలుగుతాయి, రుచి కోసం ఏవో మినరల్సు కలుపుతామంటారు. అది మనుషులు తాగడానికి. మనకి వద్దు. మూడు గొట్టాలు వరసగా ఉండే సాదా ఫిల్టరు అడుగు. మొదటి దాంట్లో బురద ఆగుతుంది, రెండో దాంట్లో బొగ్గు ఉంటుంది, అది కుళాయిలో కలిపే క్లోరిన్‌ని పట్టుకుంటుంది, మూడోది ఉప్పుల్ని ఆపే పొర. బొగ్గు అరిగిపోతే క్లోరిన్ వెళ్ళి పొరని తినేస్తుంది. అన్నయ్య పొర పాడవడానికి అదే కారణమై ఉంటుంది, బొగ్గు మార్చడానికి బద్ధకించి ఉంటాడు. మొదటి రెండూ ఆరేడు నెలలకోసారి తప్పకుండా మార్చు. మీ కుళాయిలో ఒత్తిడి తక్కువైతే చిన్న పంపు పెట్టించు. కొత్తగా బిగించాక మొదటిరోజు నీళ్ళు పారబోయి. రెండో పైపులోంచి వచ్చే ఉప్పునీళ్ళు దండగ అనుకుని దాన్ని బిగించేయకు, పొర మూసుకుపోతుంది. ఆ నీళ్ళతో నేల తుడుచుకో.

ముఖ్యమైనది మీటరు. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. నేను పనిచేసేది డయాలసిస్ యూనిట్ నీటిగదిలో. కిడ్నీలు పోయినవాళ్ళ రక్తం పక్కన పారే నీళ్ళు అవి. మీటరు కాస్త కదిలిందంటే నాకు గుండె ఆగినట్టుంటుంది. శుభ్రం అంటే సున్నా, అంతే.

పట్టిన నీళ్ళు వెంటనే పోయకు. ఒక డ్రమ్ము కొని, అందులో హీటరు కడ్డీ వేసి, తొట్టి వేడికి వచ్చాక పోయి. చలినీళ్ళు తగిలితే దొర ముడుచుకుపోతుంది.

నీకు కష్టమనిపిస్తే చెప్పు. నేను వచ్చి దొరని తీసుకెళ్తాను.

పిచ్చుక


ఫిబ్రవరి 20

పిచ్చుకా,

కొట్టుకి వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే లైట్ల డబ్బా చూపించాడు. చేపలకన్నాను. చేపలకైనా ఆరోగ్యం ముఖ్యమే కదా మేడమ్ అన్నాడు. మూడు గొట్టాలది కావాలన్నాను. అది పాతకాలం సరుకు, మీవారిని ఒకసారి పంపించండి, వివరంగా మాట్లాడతాను అన్నాడు. ఆయన రాలేరు, నాతోనే మాట్లాడమన్నాను. ఊళ్ళో లేరా అన్నాడు. లేరన్నాను. అబద్ధం కాదు కదా. చివరికి లోపలి గదిలోంచి దుమ్ము దులిపి తెచ్చాడు.

బిగించడానికి మనిషిని పంపుతానన్నాడు, వద్దన్నాను. మీ అన్నయ్య పనిముట్ల సంచి ఉంది. స్పానరు పట్టుకుంటే నా చేతికి గ్రీజు అంటింది, సబ్బుతో రుద్దితే పోయింది. మూడు గొట్టాలూ నేనే గోడకి బిగించాను. ఒక జాయింటు కారింది, తెల్ల టేపు ఇంకో నాలుగు చుట్లు చుట్టాక ఆగింది. కుళాయి నీళ్ళు మీటరు మీద నాలుగొందలు దాటాయి. ఫిల్టరు నీళ్ళు ఆరు. నీ గుండె నిక్షేపంగా ఉండొచ్చు.

డ్రమ్ము కొన్నాను, కడ్డీ వేశాను. ఇప్పుడు ఆదివారం పని చడీచప్పుడు లేకుండా అయిపోతోంది. పైపు తొట్టిలో వేస్తే నీళ్ళు అవే దిగుతాయి. నేను కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. దొర నా వైపు వచ్చి అద్దం దగ్గర ఆగుతుంది. నన్ను చూసి కాదులే, నా వెనక ఎవరైనా వస్తారేమోనని.

దాన్ని తీసుకెళ్తానన్నావు. ఎప్పుడు వస్తావో రాస్తే ఆరోజు షాపుకి సెలవు పెడతాను.

వదిన


ఫిబ్రవరి 27

వదినా,

ఫిల్టరు నువ్వే బిగించావని మా యూనిట్‌లో అందరికీ చెప్పాను. ఆరు అంటే చాలా బాగా వచ్చినట్టు.

కానీ ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నేను నీకు కష్టమైతే అన్నాను. నువ్వు కష్టమని రాయలేదు, సుఖమని రాయలేదు, ఎప్పుడొస్తావని రాశావు. అంత తేలిగ్గా ఇచ్చేస్తావా? అన్నయ్య బట్టలు, బండి, వాచీ కూడా ఇలాగే ఎవరో ఒకరు వస్తే ఇచ్చేస్తున్నావా? వాచీ నాకు కావాలని కాదు అడుగుతున్నది. రెండు ఉత్తరాల్లోనూ నువ్వు వాడి గురించి ఒక్క మంచిమాట రాయలేదు. చేపల్ని పలకరించి నిన్ను పలకరించలేదన్నావు, అంతే.

నాకు సెలవు వచ్చే నెలాఖరుదాకా దొరకదు. అప్పటిదాకా దాన్ని చూసుకో. చూసుకుంటావు కదా?

పిచ్చుక


మార్చి 10

పిచ్చుకా,

బట్టలు బీరువాలోనే ఉన్నాయి. బండి మెట్ల కింద ఉంది. వాచీ నీ పేరు రాసి కవర్లో పెట్టాను, వచ్చినప్పుడు తీసుకో.

తీసుకెళ్తానన్నది నువ్వు. సరేనన్నది నేను. సరేనంటే తప్పు, వద్దంటే ఇంకో తప్పు. మంచిమాట రాయలేదన్నావు. చచ్చినవాడి కళ్ళు చారడేసి అని ఊరంతా చెబుతూనే ఉంది. నేనూ ఎందుకు మళ్ళీ.

ఎర్రతోక చేపలు చనిపోతున్నాయి. ఒక్కొక్కటే తేలుతున్నాయి. దొర నల్లబడింది. నీలి గీతలు కనపడటం లేదు. రెక్కలు ఒంటికి అతికించుకుని మూల నిలబడి ఉంటుంది, నోరు గబగబా ఆడిస్తోంది. మేత వేస్తే చూడటం లేదు. నీళ్ళు మురికయ్యాయేమోనని వారానికి రెండుసార్లు మారుస్తున్నాను. మార్చినకొద్దీ ఇంకా డీలాపడుతోంది. మీటరు ఆరే చూపిస్తోంది.

ఏం చేయాలో రాయి.

వదిన


మార్చి 14

వదినా,

నీ ఉత్తరం డ్యూటీలో చదివాను. ఫోను చేస్తే ఎత్తలేదు.

నీళ్ళు శుభ్రంగా ఉంటే చేపలు ఎందుకు చనిపోతాయి? నీళ్ళలో ఏదో పడి ఉండాలి. డ్రమ్ము సబ్బుతో కడిగావా? గది తుడిచే మందు దగ్గర్లో వాడావా? నీ చేతికి ఏమైనా ఉందా, గ్రీజు, క్రీము? రెండు పైపులూ తారుమారై ఉప్పునీళ్ళు తొట్టిలోకి వెళ్ళలేదు కదా? అన్నయ్య నీళ్ళలో ఏమైనా కలిపేవాడా, ఉప్పో, పొడో, సీసాలోది ఏదైనా? బాగా గుర్తు చేసుకుని రాయి. ఊరికే లేదు అనకు.

నాకు నోటిదాకా వచ్చిన మాట దాచుకోవడం చేతకాదు వదినా. నీకు ఆ తొట్టి ఎప్పుడూ ఇష్టం లేదు. సవతి అనేదానివి. వాడి ముందు నవ్వుతూ అన్నావు, ఇప్పుడు వాడు లేడు. కావాలని చేశావని అనడం లేదు. కానీ మనసు పెట్టి చేశావా? మనసు పెట్టని పని చేపకి కూడా తెలుస్తుంది.

పిచ్చుక


మార్చి 19

పిచ్చుకా,

మనసు పెట్టలేదు. నిజమే. పెట్టడానికి అది ఎక్కడుందో నాకు తెలియడం లేదు. చేతులు ఉన్నాయి, చేతులు పెట్టాను.

డ్రమ్ము సబ్బుతో కడగలేదు, ఫిల్టరు నీళ్ళతోనే కడిగాను. తొట్టి ఉన్న గదిలో మందు వాడలేదు. క్రీము రాసుకోవడం పెళ్ళైన ఏడాదే మానేశాను. పైపులు తారుమారు కాలేదు, ఉప్పునీళ్ళ పైపుకి నేను ఎర్రదారం కట్టాను. మీ అన్నయ్య ఏమీ కలిపేవారు కాదు. ఏళ్ళ తరబడి చూశాను. ఉప్పు లేదు, పొడి లేదు, సీసాలు లేవు. నీళ్ళు తప్ప ఏమీ పోసేవారు కాదు. ఊరికే లేదు అనడం లేదు, లేదు కాబట్టి లేదంటున్నాను.

నువ్వన్నదానికి కోపం రావాలి. రాలేదు. మొగుడు పోయినందుకు కాదు, ఆడబిడ్డ అన్నందుకు ఏడ్చిందని రేపు ఎవరూ నన్ననరు. ఎర్రతోకవి ఒక్కటి కూడా మిగల్లేదు. వాటిని పూలకుండీలో పాతిపెట్టాను. ఆ మట్టి చేతులు అలాగే ఉంచుకుని హాల్లో కూర్చున్నాను. దొర మూలన, నేను కుర్చీలో. అది పోతే మీ అన్నయ్యది ఈ ఇంట్లో ఊపిరి ఉన్నదేదీ మిగలదని నాకూ తెలుసు. తెలుసు గానీ, తెలియడం వేరు, అనిపించడం వేరు. నీకు అనిపిస్తోంది, అదృష్టవంతురాలివి.

అలా కూర్చోలేక నిన్న వంటిల్లు సర్దాను. మీ అన్నయ్య వేడినీళ్ళ గిన్నె తోమేశాను. ఎన్నాళ్ళనుంచో తోమాలనుకుంటున్నది. అడుగున తెల్లగా సున్నంలా గట్టి పొర, కత్తితో గీకితే పెచ్చులుగా లేచింది. ఆదివారం ఆయన బకెట్టు నింపుకుని, ఏమేవ్, వేడినీళ్ళూ అని కేకేసేవారు. నేను అంట్లు తోముతూనో కుడుతూనో ఉండేదాన్ని. విసుక్కుంటూ లేచి కుళాయి కింద గిన్నె పట్టి, స్టవ్ మీద పెట్టి, ఇదిగో మీ దొరగారి స్నానానికి అని ఇచ్చేదాన్ని. బకెట్టుకో గిన్నె. చలి విరగాలి కదా. అన్నిసార్లు కాచి కాచి గిన్నెకి ఆ సున్నం పట్టింది. ఇప్పుడు డ్రమ్ము ఉంది, కడ్డీ ఉంది, నన్ను పిలిచేవాళ్ళు లేరు. గిన్నెతో పని లేదు. తోమి పైఅరలో బోర్లించాను.

దొర నిన్నటికంటే ఇవాళ ఇంకొంచెం ఒరిగింది.

వదిన


మార్చి 22, కొరియర్లో

వదినా,

ముందు గిన్నె దించు. మిగతాది తర్వాత చదువు.

కుళాయి నీళ్ళు ఆ గిన్నెలో కాచి, చల్లార్చి, తొట్టిలో పోయి. ఒక్కసారిగా కాదు, పూటకి ఒక గ్లాసు. ఒక్కసారి పోస్తే ఆ తేడాకే చచ్చిపోతుంది. నాలుగైదు రోజులు అలా పోశాక, నీళ్ళు మార్చేటప్పుడు మాత్రం పాతపద్ధతే. బకెట్టుకో గిన్నె, వేడిగా.

గిన్నెకి సున్నం పట్టిందంటే అది కుళాయి నీళ్ళలో ఉన్నట్టే, దొరకి కావలసినది అదే. మొత్తం కాదు, ఆ కాస్త. నీళ్ళలో ఏ ఉప్పూ లేకపోతే చేప ఒంట్లో ఉన్నవి బయటికి పోతాయి, తొట్టి నీళ్ళు పుల్లబడిపోతాయి. చేపకి సున్నా వద్దు వదినా. సున్నా మా మెషీన్లకి. మేము కూడా ఆ సున్నా నీళ్ళలో కావలసిన ఉప్పులు కొలిచి కలిపాకే రోగి దగ్గరికి పంపుతాం. ఆ కలిపే గది నాది కాదు, పక్కది. నేను రోజంతా సున్నా కోసం కాపలా కాస్తాను, నాకు అదొక్కటే కనపడింది. అతి సర్వత్ర వర్జయేత్ అని చిన్నప్పుడు అన్నయ్య నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. డ్రమ్ము కొనమన్నదీ నేనే, నీ గిన్నె మాన్పించిందీ నేనే. ఆపైన నిన్నే మనసు పెట్టలేదన్నాను.

అన్నయ్యకి కూడా ఈ సంగతి తెలిసి ఉండదు. చలి విరవడానికే అనుకుని ఉంటాడు. దొరని వాడు పెంచాడని నేను అందరికీ చెప్పుకున్నాను. వాడు సగమే పెంచాడు. మిగతా సగం ప్రతి ఆదివారం నువ్వు విసుక్కుంటూ గిన్నెతో తెచ్చి ఇచ్చావు.

ఏం జరిగినా రాయి. చచ్చిపోయినా రాయి. నేను నిన్ను ఏమీ అనను.

పిచ్చుక


ఏప్రిల్ 6

పిచ్చుకా,

చావలేదు.

నీ కొరియరు వచ్చిన పూటే గిన్నె దించాను. చల్లార్చి గ్లాసుతో పోశాను. మొదట్లో ఏ మార్పూ లేదు. మూడో రోజు నిటారుగా నిలబడింది. తర్వాత రెక్క విప్పింది. మొన్న షాపు నుంచి వచ్చేసరికి నీలి గీతలు, ముందు తల దగ్గర, తర్వాత ఒంటి మీద, అద్దకం గుడ్డ ఆరుతున్నప్పుడు రంగు తేలినట్టు. నిన్న మేత తిన్నది. తిని ఉమ్మేసి మళ్ళీ తిన్నది. దొరతనం ఎక్కడికి పోతుంది.

నువ్వు అన్న మాటలు నేను పట్టించుకోలేదు, నువ్వూ వదిలేయి. సున్నా చూసే ఉద్యోగం నీది, సున్నానే చెప్పావు. నేనైనా అడిగినదానికి జవాబు చెప్పానే గానీ గిన్నె గురించి రాయాలని తోచలేదు. అది కలపడమని నాకెలా తెలుస్తుంది? నీళ్ళలో నీళ్ళు పోశాం, అంతే అనుకున్నాను. మీ అన్నయ్య మాత్రం గిన్నె అందుకుంటూ ప్రతిసారీ ఒకటే మాట అనేవారు, చన్నీళ్ళకు వేణ్ణీళ్ళు తోడు అని. నా కర్టెన్ల జీతం చేతిలో పెట్టినప్పుడు కూడా అదే మాట. అరిగిపోయిన రికార్డులా అంటారని విసుక్కునేదాన్ని. మంచిమాట రాయలేదన్నావు కదా. ఇదే. ఇంకోటి గుర్తు రావడం లేదు.

ఇవాళ ఆదివారం. నీళ్ళు మార్చే రోజు. డ్రమ్ములోంచి కడ్డీ తీసేశాను. ఫిల్టరు నీళ్ళు బకెట్టుకి పట్టి హాల్లో పెట్టాను. వంటింట్లోకి వచ్చి గిన్నె కుళాయి కింద పెట్టి, స్టవ్ వెలిగించాను. పొగ వచ్చేదాకా ఉండాలి, మరగకూడదు. ఎప్పుడూ అంతే చేసేదాన్ని. నిలబడి చూస్తుంటే నీళ్ళ మీద ఆవిరి లేచింది.

అప్పుడు నేను పైకే అన్నాను. ఇదిగో తెస్తున్నా, అరవకండి అన్నాను.

ఎవరూ అరవలేదు. ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. ఇన్నాళ్ళూ అలాగే ఉంది, ఇవాళ వినపడింది. గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. హాల్లో బకెట్టు ఉంది, దాని పక్కన ఆయన గొంతుక్కూర్చునే చోటు ఖాళీగా ఉంది. గిన్నె అందుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. పిచ్చుకా, ఆయన లేరు. నాకు ఇవాళ తెలిసింది.

ఎంతసేపు అక్కడే కూలబడి ఉన్నానో తెలియదు. నువ్వు ఫోన్లో ఏడిస్తే ఎలా ఉంటుందో అలాగే ఏడ్చాను, ముక్కు కారేటట్టు, చుట్టుపక్కల వినపడేటట్టు.

నెలాఖరున వస్తానన్నదానివి రాలేదు, సెలవు దొరికినప్పుడే రా. దొరని తీసుకెళ్ళడానికి మాత్రం కాదు. ఊరికే రా. ఫోను చేసినా ఎత్తుతాను.

నీళ్ళు చల్లారిపోయాయి. మళ్ళీ కాచాను.

వదిన